గానుగవీధి గోడలో లేని పొర

ముప్పై రెండు ఇళ్ళకు ముప్పై రెండూ తప్పాయి.

వకుళ ఫలితాల కాగితాన్ని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి రెండుసార్లు చదివింది. ఎటునుంచి చదివినా గానుగవీధిలో వందేళ్ళుగా తెంపు లేకుండా మనుషులు కాపురమున్న ఇల్లు ఒక్కటీ లేదు. ఆ మాట చెప్తున్నది ఆమె పదకొండేళ్ళు కష్టపడి తయారు చేసిన యంత్రం. కాబట్టి కోప్పడదామన్నా ఎదురుగా ఎవరూ లేరు.

"అదేటండీ మేడమ్ గారూ," అన్నాడు జోగేశ్వరరావు, ఆమె భుజం మీదుగా తొంగిచూసి. ఆయన గవ్వలరేవు మునిసిపాలిటీలో టౌన్ ప్లానింగ్ ఆఫీసరు. "మా గానుగవీధిలో మనుషులే లేపోతే మరి ఇన్నేళ్ళూ ఆ బూత్‌లో ఓట్లు ఎవరేశారంటారు?"

"నన్నడిగితే నేనేం చెప్పనండీ," అంది వకుళ చిరాగ్గా.

సంగతి ఇదీ. రేవు నుంచి హైవేకి నాలుగు వరసల రోడ్డు పడాలి. అది గానుగవీధిని మధ్యకు చీల్చుకుని తిన్నగానైనా పోవాలి, ఉప్పుమళ్ళ వైపు చుట్టు తిరిగైనా పోవాలి. చుట్టు తిరగడం రోడ్డు వేసేవాళ్ళకు ఇష్టం లేదు. కౌన్సిలు ఆ వీధిని వారసత్వ ప్రాంతంగా ప్రకటిస్తే తప్ప రోడ్డు పక్కకు తప్పుకోదు. అలా ప్రకటించడానికి ఒక షరతుంది. వీధిలోని ఇళ్ళలో మూడింట రెండు వంతులు వందేళ్ళ పాటు ఖాళీ పడకుండా కాపురాలున్నవై ఉండాలి. గానుగవీధిలో నలభై రెండు ఇళ్ళున్నాయి కనక ఇరవై ఎనిమిది నెగ్గాలి. పాత రిజిస్టర్లు చూపిస్తే ఒక్క పూటలో తేలిపోయే పనే. కానీ పన్నెండేళ్ళ కిందటి తుఫానుకు మునిసిపల్ రికార్డు రూములో నడుంలోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తోడేసరికి రిజిస్టర్లన్నీ పిండిముద్దలై ఉన్నాయి. అందుకని యూనివర్సిటీ నుంచి వకుళను పిలిపించారు.

ఆమె యంత్రం చూడటానికి ప్రెషర్ కుక్కరంత ఉంటుంది. దానికి శ్వాసలేఖిని అని పేరు పెట్టుకుంది. వీధివాళ్ళు వచ్చిన రోజే ఊపిరి మిషను అని మార్చేశారు. గుల్లసున్నం గోడకు వేసినప్పుడు మెత్తగా ఉంటుంది. గదిలోని గాలిని పీల్చుకుంటూ కొన్ని వారాలకు రాయిలా బిగుసుకుంటుంది. ఆ గాలిలో ఇంటివాళ్ళు వదిలిన ఊపిరి కూడా ఉంటుంది కదా, అదీ సున్నంతో పాటే రాయైపోయి గోడలో ఉండిపోతుంది. గానుగవీధిలో ఉగాది వస్తోందంటే ఇంటింటా వెల్ల వేస్తారు. అంటే ఏడాదికొక పొర. యంత్రాన్ని గోడకు ఆనించి మీట నొక్కితే సన్నని వేడి కిరణం ఒక్కో పొరనూ కాల్చి, అందులో ఉన్న ఊపిరిని బయటికి లాగుతుంది. గాలికి ఏ ఏటి గుర్తు ఆ ఏటికే ఉంటుంది కాబట్టి అది ఏ సంవత్సరపు పొరో, ఆ ఏడు ఆ గదిలో ఎంతమంది మసిలారో తెర మీద అంకెలు పడతాయి. కొలిచిన చోట గోడ మీద చొక్కా గుండీ అంత మచ్చ మిగులుతుంది. అక్కడ దాగిన ఊపిరి మళ్ళీ గాలిలో కలిసిపోతుంది.

మోసాలకు తావు లేకుండా నియమాలు కూడా వకుళే రాసిచ్చింది. ఇంటికి ఒకే కొలత. అదీ లోపలి గదిలో, ధాన్యం బానలుండే గోడకే. ఫలితం నచ్చలేదని ఇంకో చోట కొలిచి చూపించకూడదు. ఒక్క సంవత్సరపు పొర లేకపోయినా ఆ ఇంట్లో కాపురం తెగినట్టే లెక్క. రాసిన రోజు తన భుజం తనే తట్టుకుంది. పది ఇళ్ళు సిమెంటు పూసుకున్నవి కనక కొలతకే రాలేదు. మిగిలిన ముప్పై రెండూ వచ్చాయి, ఇదిగో ఇలా తప్పాయి. ప్రతి ఇంటికీ రెండో మూడో, కొన్నిటికి ఆరో ఏడో ఖాళీ సంవత్సరాలు.

*

వకుళకు బస గానుగవీధిలోనే, కొప్పిశెట్టి బుల్లెమ్మాయి గారి మేడ గదిలో. ఊళ్ళో ఉన్న ఒక్క లాడ్జిలో నల్లులున్నాయని జోగేశ్వరరావే అక్కడ దింపాడు.

బుల్లెమ్మాయి గారికి ఎనభై నాలుగేళ్ళు. పిల్లల్లేరు. వీధి అరుగు మీద ఎనిమిది కుట్టు మిషన్లు పెట్టించి బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తుంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు అక్కడ పనిచేస్తారు. కొలతలు ఇప్పటికీ ఆవిడే తీస్తుంది, తప్పు కుట్టు కనిపిస్తే ఆవిడే విప్పుతుంది. వీధిలో పెద్ద ముత్తయిదువ కూడా ఆవిడే. ఏ ఇంట్లో పెళ్ళి జరిగినా మొదటి పసుపు ఆవిడ చేతి మీదుగా పడాల్సిందే.

ఆవిడ రోజు మొదలయ్యే తీరు వకుళకు మొదట్లో వింతగా ఉండేది. తలంటుకున్నా మామూలు స్నానమైనా, అద్దం ముందు నిలబడి అర్ధరూపాయంత బొట్టు పెట్టుకుంటూ మొగుణ్ణి తిట్టేది.

"సచ్చినోడా, లేచావా? ఆవిడెవత్తో కాఫీ ఇచ్చిందా? తాగు, తాగు. నీకేం, కులాసాగా ఉంటావు."

అరుగు మీద మిషన్ల దగ్గర నవ్వులు వినిపించేవి. ఆవిడ మొగుడు త్రిమూర్తులు పందొమ్మిది వందల డెబ్బై ఏడులో శ్రావణ మాసంలో సరుకు ఓడెక్కి వెళ్ళాడు. మరి రాలేదు. సింగపూర్లో ఇంకో ఆడదాన్ని చేరదీసి అక్కడే ఉండిపోయాడని తర్వాత ఉత్తరం వచ్చిందట. ఇది రెండు వేల నలభై ఒకటి, ఆ తిట్లకు ఇప్పుడు అరవై ఏళ్ళు దాటాయి.

"మామ్మగారూ, రోజూ తిట్టాలా?" అని అడిగింది వకుళ ఒకరోజు.

"తిట్టకపోతే ఆడికి తిన్నది అరుగుద్దేటమ్మా?" అంది బుల్లెమ్మాయి గారు. "నావేం తిట్లు! మా అత్తున్నప్పుడు నువ్వు వినాలి. పొద్దున్నే ఇద్దరం కలిసి మొదలెట్టేవాళ్ళం. ఆవిడ నోరిప్పిందంటే వీధిలో తలుపులేసుకునేవారు. కన్నకొడుకు మీద అంత కోపం నేనెక్కడా చూళ్ళేదమ్మా."

ఫలితాలు తప్పిన మర్నాడు పొద్దున్న వకుళ పెసరట్టు ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది. కిటికీలోంచి ఎదురు వరస కనిపిస్తోంది. ఉగాది వెళ్ళి పది రోజులే అయింది కాబట్టి వీధంతా తెల్లగా మెరుస్తోంది. ఒక్క ఎదురిల్లు మాత్రం మాసి ఉంది.

"వాళ్ళు సున్నం వేయించుకోలేదేమండీ?"

"నరసమ్మ మొగుడు మాఘంలో పోయాడు కదమ్మా. మనిషి పోయిన ఏడు ఇంటికి సున్నం వెయ్యరు."

"ఎవరూ వెయ్యరా?"

"ఈ వీధిలో ఎవరూ వెయ్యరు. పోయినోళ్ళ చెయ్యి ఆనిన గోడ, ఏడాది దాకా కప్పకూడదంటారు. మా తాతల నాటి నుంచీ అంతే. ఏం, మీ ఊళ్ళో ఏసేత్తారా?"

వకుళ పెసరట్టు అలాగే వదిలేసి చెయ్యి కూడా కడుక్కోకుండా పైకి పరుగెత్తింది. ఆమె యంత్రాన్ని మొదట పరీక్షించింది ఒక పాత సత్రం గోడల మీద. సత్రంలో ఎవరున్నా ఎవరు పోయినా ఏటా వెల్ల పడుతుంది. ఇక్కడ అలా కాదు. ఇల్లు ఖాళీ పడిందని యంత్రం చెప్పిన ఏడల్లా ఆ ఇంట్లో మనుషులు ఉన్నారు, ఏడుస్తూ ఉన్నారు. వందేళ్ళలో అలాంటి ఏడాది ఒక్కటైనా లేని ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఆ నియమం రాసిన తన చెయ్యిని తనే తిట్టుకుంది.

*

కౌన్సిల్ సమావేశంలో రోడ్డు కావాలనే వార్డు మెంబరు ఒకాయన గట్టిగా నవ్వాడు. "బాగుందండీ! మిషను తప్పని చెప్పాల్సింది పోయి మనుషులు పోయారంటన్నారు. ఎవరు పోయారో సాక్ష్యం ఏదండీ? చావుల రిజిస్టర్ కూడా నీళ్ళలోనే పోయింది కదా?"

"సాక్ష్యం ఇళ్ళలో ఉందండీ," అంది వకుళ. "ఏ ఇంట్లో ఏ సంవత్సరాల పొరలు లేవో నా దగ్గర రాసుంది. ఆ జాబితా నేనెవరికీ చూపించలేదు, చూపించను. ఇంటివాళ్ళను పిలిచి, మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు పోయారో చెప్పమనండి. రెండూ కలిస్తే నమ్మండి."

కమిషనరు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఆలోచించి ఒప్పుకున్నాడు. ఖాళీ పడిన ప్రతి ఏడాదికీ పోయిన మనిషి పేరు, వయసు, ఇంటి పెద్దకు ఆ మనిషి ఏమవుతారో ప్రమాణ పత్రం మీద రాసి సంతకం చెయ్యాలి. ఒక్క ఏడాదికి జవాబు లేకపోయినా ఆ ఇల్లు పోయినట్టే. ఒక్క పత్రం అబద్ధమని తేలినా మొత్తం వీధి దరఖాస్తు కొట్టేస్తారు. ఆ నియమాలు కూడా వకుళ చేతే రాయించాడు. గడువు పది రోజులు.

వీధి చివర పాత సున్నపు గానుగ ఉన్న చప్టా మీద టార్పాలిన్ కట్టి, బల్ల వేశారు. జోగేశ్వరరావు రాయడానికి కూర్చున్నాడు. వకుళ పక్కన జాబితా బోర్లించి పెట్టుకుని కూర్చుంది. మొదటి రోజు జనం మొహమాటపడ్డారు. రెండో రోజుకు వరస కట్టారు.

అన్నదమ్ములిద్దరు తండ్రి పోయింది ఎనభై ఆరా, ఎనభై ఏడా అని అరగంట కొట్లాడుకున్నారు. ఎనభై ఏడు అన్న తమ్ముడే నెగ్గాడు, నెగ్గి ఏడ్చాడు. డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి ఒకాయన తొమ్మిదేళ్ళకు పోయిన చెల్లెలి పేరు చెప్పి, ఆ పేరు నోటితో పలికి యాభై ఏళ్ళయిందన్నాడు. ఒకామె వాళ్ళ జేజమ్మ ఫలానా తుఫాను ఏడు పోయిందని చెప్పి, "ఆ ఏడు వీధిలో సగం ఇళ్ళకి సున్నం పడలేదంట సార్, మా అమ్మ చెప్పేది," అంది. వకుళ జాబితా తిప్పి చూసింది. నిజమే, ఆ ఏడు పదిహేను ఇళ్ళకు పొర లేదు. అన్నాళ్ళూ అవి ఆమెకు అంకెలే. ఇప్పుడు ఒక్కోదానికీ పేరూ వయసూ వచ్చి చేరుతున్నాయి. తల తిప్పుకుని మంచినీళ్ళు తాగుతున్నట్టు నటించేది.

నాలుగు ఇళ్ళు నిజంగానే కొన్నాళ్ళు పాడుబడి ఉన్నాయని తేలింది. వాటి సొంతదారులే ఒప్పుకున్నారు. మిగిలినవి సరిగ్గా ఇరవై ఎనిమిది. ఒక్కటి జారినా వీధి మొత్తం జారుతుంది. ఎనిమిదో రోజు సాయంత్రానికి ఇరవై ఏడు కుదిరాయి. మిగిలింది బుల్లెమ్మాయి గారిల్లు.

ఆవిడ చెప్పాల్సినవి నాలుగు. యాభై నాలుగులో మావగారు పోయారు. అత్తగారికి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు, చంకలో రెండేళ్ళ కొడుకు. అరవై మూడులో మావగారి తల్లి. తొంభై తొమ్మిదిలో అత్తగారు. ఇవన్నీ ఆవిడ గడగడా చెప్పింది, మూడూ జాబితాతో కలిశాయి.

"ఇంకొకటి ఉండాలండీ మామ్మగారూ," అంది వకుళ. "మధ్యలో."

"లేదమ్మా."

"ఆలోచించండి. సంవత్సరం నేను చెప్పకూడదు."

"ఎన్నాళ్ళాలోచించినా పోనోళ్ళు పోతారేటి? మాకు ఇంకెవరూ పోలేదు."

ఆ సాయంత్రం వీధి పెద్దలు నలుగురు ఆవిడ అరుగు మీద చేరారు. ఎవరో ఒక దూరపు చుట్టం పేరు వేసేద్దామనీ, ఎవరికీ తెలీదనీ నచ్చజెప్పబోయారు. ఆవిడ చేతిలో కత్తెర అలాగే పట్టుకుని, "బతికున్నోళ్ళని నా నోటితో చంపమంటారా?" అంది. "అబద్ధమని తేలితే మీ అందరి కొంపలూ కలిపి తీస్తారు. వద్దు. ఎల్లండి." నలుగురూ లేచి వెళ్ళిపోయారు. మర్నాడు మిషన్ల దగ్గర ఆడవాళ్ళు నవ్వలేదు. వాళ్ళలో ఆరుగురిది ఆ వీధే.

*

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మిషన్లవాళ్ళు భోజనాలకు వెళ్ళాక వకుళ లోపలి గదిలో బానల వెనక దూరింది. చేతిలో చిన్న పరికరం ఉంది. అది గోడను కాల్చదు, పొర ఉందో లేదో, దాంట్లో ఊపిరి ఎందరిదో పైపైన చెప్తుంది. కౌన్సిలు ముందు అది చెల్లదు. అయినా తన యంత్రమే పొరపాటు పడిందేమోనన్న ఆశ ఆమెను నిలవనివ్వలేదు.

ఎడమ గోడ చూసింది. కుడి గోడ చూసింది. గుమ్మమున్న గోడ చూసింది. మూడింటికీ ఆ పొర ఉంది.

"ఏటమ్మా, ఎలుక దూరిందేటి?" అంటూ బుల్లెమ్మాయి గారు గుమ్మంలోకి వచ్చింది.

వకుళకు సంతోషం ఆగలేదు. ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే నోరు మెదిపేదాన్ని కాదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. "మామ్మగారూ, ఇల్లు ఖాళీ లేదండీ! ఆ ఏడు కూడా సున్నం వేశారు. మూడు గోడలకీ ఉంది. ఇద్దరు మనుషుల ఊపిరి కూడా కనపడుతోంది. ఈ బానల వెనక గోడ ఒక్కటే వదిలేశారు. నేను కొలిచింది ఖర్మకొద్దీ దాన్నే."

"ఏ ఏడు?"

నియమం గుర్తొచ్చినా అప్పటికే సగం చెప్పేసింది కదా అనిపించింది. "డెబ్బై ఎనిమిది."

బుల్లెమ్మాయి గారు గుమ్మం పట్టుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఆ ఏడు సున్నం నేనే వేస్తానన్నాను. మా అత్త కుంచె లాక్కుంది. ఈ గదిలోకి రావద్దని తలుపేసుకుంది. ఎంతకీ బయటికి రాలేదు. వచ్చేసరికి కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. ఏటత్తా అంటే సున్నం పడిందంది. బానలు కదల్లేదు, ఎనక వెయ్యలేదులే, ఎవడు చూడొచ్చాడు అంది."

వకుళ బానల మధ్యనే ఉండిపోయింది. ఆమెకు అప్పుడు అర్థమైంది. కంటికి ఆనే గోడలన్నిటికీ సున్నం వేసి, ఎవరికీ కనపడని ఒక్క గోడను మాత్రం వదిలేసిందంటే, ఆ ముసలామె వీధి దగ్గర దాచగలిగింది గానీ, పోయిన మనిషికి ఇవ్వాల్సిన ఏడాదిని మాత్రం ఎగ్గొట్టలేకపోయింది.

"మామ్మగారూ, ఇక వద్దండీ," అంది.

"ఉండమ్మా." ఆవిడ గడప మీద మెల్లిగా కూర్చుంది. "ఉత్తరం ఎనభైలో వచ్చింది. సింగపూర్లో ఎవత్తినో కట్టుకున్నాడంట అని మా అత్తే చెప్పింది. ఏదీ చూపించమంటే ఒళ్ళుమండి పొయ్యిలో పెట్టేశానంది. ఆవిడకి చదువు రాదు. పోస్టుమేను చదివాడంది. నేను పోస్టుమేన్ని అడగలేదు. సిగ్గేసింది, మొగుడొదిలేశాడని ఊళ్ళో అడగడానికి."

చేతులకున్న గాజులు వెనక్కి తోసుకుంది.

"ఆ డెబ్బై ఎనిమిదిలో నాకు ఇరవై ఒకటి. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళకి బొట్టు తీసిన మనిషి. తీశాక ఎలా ఉంటదో ఆవిడకి తెలుసు. పెళ్ళి పందిట్లోకి రానిచ్చేవారు కాదు. ఎదురొస్తే తిట్టుకునేవారు. నన్ను చూసి..." ఆవిడ బానల వెనక్కి చూసింది. "మరి తిట్టేది కదమ్మా," అంది. "నాతో పాటు కూచుని రోజూ తిట్టేది. నా కంటే ఎక్కువ తిట్టేది. నేను ఒకపూట మర్చిపోతే గుర్తుచేసి మరీ మొదలెట్టేది. ఎవరి నోట విందో గానీ, ఆడు పోయాడని తెలిసీ తిట్టిందా? కన్నకొడుకుని?"

వకుళకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పందొమ్మిదేళ్ళు, పోయిన బిడ్డను పొద్దున్నే లేచి నలుగురూ వినేలా తిట్టింది ఆ తల్లి, కోడలికి అనుమానం రాకుండా ఉండటానికి. ఆవిడ ఏడ్చుకోవడానికి ఇంట్లో మిగిలింది ఈ బానల వెనక జానాబెత్తెడు సందు. తను అక్కడే నిలబడి, ఆ గోడను కాల్చి చూసి, ఆ రహస్యాన్ని బయటికి లాగింది. పదకొండేళ్ళ శ్రమకు ఇదా ఫలితం అనిపించి తన యంత్రం మీద తనకే అసహ్యం వేసింది.

"మీరేమీ రాయక్కర్లేదండీ," అంది. "కమిషనరు గారితో నేను మాట్లాడతాను. ఇంకో దారి చూద్దాం."

ఇంకో దారి లేదని ఇద్దరికీ తెలుసు. బుల్లెమ్మాయి గారు లేచి, మొహం కడుక్కుని, మిషన్లవాళ్ళు వచ్చే వేళకు చొక్కాల కాలర్లు కత్తిరిస్తూ కూర్చుంది.

*

పదో రోజు గడువు సాయంత్రం అయిదింటికి. చప్టా మీద జోగేశ్వరరావు ఖాళీ పత్రం ఒకటి ముందు పెట్టుకుని గడియారం చూసుకుంటున్నాడు. వకుళ ఆయనకు జరిగింది చెప్పేసింది, చెప్పకుండా ఉండలేకపోయింది.

"రాయించకపోతే వీధి పోద్దండి," అన్నాడాయన. "రాయిస్తే మామ్మగారు పోతారండి. ఈ వయసులో ఆ బొట్టు తీసి, ఆ గాజులు తీసి... మన వీధి సంగతి మీకు తెలీదు. ఎవరూ పైకి ఏమీ అనరు. మొదటి పసుపుకి మాత్రం ఇంకొకరిని పిలుస్తారు."

"మనం అడగొద్దండీ."

"నేనెందుకు అడుగుతానండీ! ఇదే బల్ల మీద పాత చేపలవీధిని కూలగొట్టే కాగితాలు రాశాను. ఇదీ రాస్తాను. అంతే కదండీ ఉద్యోగం." అలా అన్నాడే గానీ, ముందున్న ఖాళీ పత్రాన్ని పదే పదే సర్దుతున్నాడు.

నాలుగున్నర దాటాక బుల్లెమ్మాయి గారు వచ్చింది. ఉతికిన నేత చీర కట్టుకుంది. నుదుట బొట్టు ఎప్పటిలాగే పెద్దగా ఉంది, గాజులు ఎప్పటిలాగే ఉన్నాయి. ఆవిడ వెనక మిషన్లవాళ్ళు ఎనిమిది మందీ వచ్చి చప్టా కింద నిలబడ్డారు. వాళ్ళకేమీ తెలియదు. ఆవిడ గబగబా నడిచి వెళ్ళడం చూసి భయపడి వచ్చారంతే. వార్డు మెంబరు కూడా ఓ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు, గడువు ముగిసే వేళకు తప్పులు పట్టడానికి.

"రాయి బాబూ," అంది ఆవిడ కుర్చీలో కూర్చుని. "డెబ్బై ఎనిమిది."

వకుళ జాబితా తిప్పి వార్డు మెంబరుకు చూపించింది. ఆయన చూసి తల ఊపాడు.

"పేరండీ?" అన్నాడు జోగేశ్వరరావు.

"కొప్పిశెట్టి త్రిమూర్తులు."

చప్టా కింద మిషన్లవాళ్ళలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. మరొకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వయసండీ?"

"ఇరవై ఆరు."

"ఎలా పోయారండీ?"

"తెలీదు. ఓడ మీద ఎల్లాడు. ఆ ఏడు లోపలి గదిలో ఒక గోడకి సున్నం పడలేదు. అదే నాకు తెలిసింది. ప్రమాణం చేసి చెప్తన్నాను."

జోగేశ్వరరావు అదంతా రాశాడు. తర్వాతి గడి దగ్గరికి వచ్చి, అడగాల్సిన పని లేదనుకున్నాడో, అడగలేకపోయాడో, తలెత్తకుండా పెన్ను ఆనించాడు. ఆవిడ చెయ్యి చాచి కాగితం మీద పెట్టింది.

"ఏం రాస్తన్నావు?"

"మీకు ఏమవుతారో రాయాలి కదండీ."

"నువ్వు రాయకు. నేను చెప్తాను." ఆవిడ మిషన్లవాళ్ళ వైపు ఒకసారి చూసింది. నుదురు తుడుచుకోలేదు, గాజులు సవరించుకోలేదు. ఆవిడ ఏడవడం వకుళ చూసింది అప్పుడే. రెండు కళ్ళూ ధారగా కారుతున్నాయి, గొంతులో మాత్రం వణుకు లేదు.

"మా అత్తగారి కొడుకు," అంది. "అలాగే రాయి."

జోగేశ్వరరావు వకుళ వైపు చూశాడు. వార్డు మెంబరు నోరు తెరిచాడు.

"పోయిన మనిషి ఇంటి పెద్దకు ఏమవుతారో చెప్పాలని మాత్రమే నియమంలో ఉందండీ," అంది వకుళ, ఆయన మాట్లాడేలోగా. "ఆవిడ చెప్పారు. నియమం రాసింది నేనే. సరిపోతుంది."

వార్డు మెంబరు బుల్లెమ్మాయి గారి మొహం చూశాడు. ఆయన పెళ్ళికీ మొదటి పసుపు ఆవిడదే. నోరు మూసుకుని చేతిగడియారం చూసుకున్నాడు.

బుల్లెమ్మాయి గారు పెన్ను తీసుకుని సంతకం చేసింది. చేసి, కాగితాన్ని జోగేశ్వరరావు వైపు జరుపుతూ, "ఒక్కగానొక్క కొడుకు బాబూ ఆవిడకి," అంది. "అది కూడా రాయి."

అలాంటి గడి ఆ పత్రంలో లేదు. జోగేశ్వరరావు అంచున ఖాళీ చూసుకుని రాశాడు.